కింది పన్ను వచ్చేదాకా

ఆత్మకూరు
19 జనవరి 1997

చెల్లెలు సుకుమారికి అన్న శాంతికుమార్ ఆశీస్సులు. సైమన్ బావకు, మీ అత్త లిదియమ్మగారికి వందనాలు.

నీ ఉత్తరం అందింది. షాపులో కాలిపోయిన మోటార్ల మధ్య కూర్చుని రాస్తున్నాను. కాగితానికి కూడా ఆ వాసన వస్తే ముక్కు మూసుకుని చదువుకో. రైతులు రాత్రింబవళ్ళు మోటార్లు ఆడించి, కాల్చుకుని, వైండింగ్ చేసి ఇచ్చేదాకా నా గడపలోనే కాపురం ఉంటున్నారు.

వచ్చే నెల బుజ్జికి ఏడాది నిండుతుంది, ఇంకా ఒక్క పన్నూ రాలేదని దిగులు పడ్డావు. మా పెద్దవాడికి ఐదో నెలలోనే వచ్చింది, ఏం సాధించాడు? మీ వదిన సుధారాణిని కరిచాడు. ఆలస్యంగా వచ్చిన పళ్ళు గట్టిగా ఉంటాయని మన అమ్మ అంటుండేది. ఆమె పోయి మూడేళ్ళయినా ఇలాంటి మాటలకు ఆమే గుర్తొస్తుంది.

పన్ను కనబడిన రోజే నాకు కార్డు రాయాలి. మేనమామను నేను. వాడు మొదట కొరకాల్సింది నా వేలే, ఇంకెవరి వేలూ దగ్గరికి రానివ్వకు. ఈస్టరుకు అందరూ ఇక్కడికే రండి.

నీ అన్న,
శాంతికుమార్


ఉదయగిరి
24 ఫిబ్రవరి 1997

అన్నకు సుకుమారి వందనాలు.

బుజ్జి పుట్టినరోజు జరిగింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. వాడు కేకు ముక్కను చిగుళ్ళతోనే నమిలి, చాలక పాస్టరుగారి బైబిలు అంచు కూడా చప్పరించాడు. నెత్తిన వెంట్రుకలు మొక్కజొన్న పీచులా నాలుగే ఉన్నాయి. నాకు పక్కపన్ను ఒకటి సన్నగా మొనదేలి ఉంటుంది కదా, అమ్మకూ అంతే. "నీ పన్నే వచ్చేటట్టుండాది, నిదానంగా రానీ, తొందరేముంది" అని మీ బావ నన్ను నవ్విస్తున్నారు.

నవ్వుతున్నానే గాని లోపల భయంగా ఉంది అన్నా. వాడికి ఊరికే జ్వరం వస్తోంది. ఎండలో కాసేపు ఎత్తుకుంటే చాలు, ఒళ్ళు పెనంలా కాలుతుంది. సాయంత్రానికి దానంతటదే తగ్గుతుంది. ఇక్కడి ఆరెంపీ ఒకసారి మలేరియా అన్నాడు, ఇంకోసారి టైఫాయిడ్ అన్నాడు. సూదుల మీద సూదులు పొడిచాడు. మా అత్త పొద్దుగూకులూ వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తూనే ఉంది.

ఈస్టరుకు తప్పకుండా వస్తాం. అక్కడ మంచి డాక్టరు ఎవరైనా ఉంటే అడిగి ఉంచు.

చెల్లెలు,
సుకుమారి


ఉదయగిరి
22 మార్చి 1997

అన్నకు వందనాలు.

ఈస్టరుకు రాలేము. అత్తకు నడుము పట్టేసింది. ఆయనకు బడిలో పరీక్షల పని ఉంది. నువ్వు కూడా ఇప్పట్లో ఇటు రావద్దు. ఎండలు ముదిరాయి, నీళ్ళకు కటకటగా ఉంది. కుళాయి రెండు రోజులకు ఒకసారి వస్తోంది. బుజ్జి బాగున్నాడు. పన్ను సంగతి ఇంకా ఏమీ లేదు.

సుకుమారి


ఆత్మకూరు
2 ఏప్రిల్ 1997

సుకుమారికి,

నువ్వు రావద్దని రాయకపోయినా నేను వచ్చేవాణ్ణి కాదు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, కదలడానికి లేదు. సొంత మేనమామకు నీళ్ళ కరువని చెప్పి రావద్దనే రోజులు వస్తాయని అనుకోలేదు. సరే. పిల్లవాణ్ణి జాగ్రత్తగా చూసుకో. మీ వదిన అడిగినట్లు చెప్పమంది.

శాంతికుమార్


ఉదయగిరి
11 మే 1997

అన్నా,

మీ ఊరి వరదయ్య గొర్రెలు కొనడానికి వచ్చి మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. నువ్వు బావిలో పడి కాలు విరగ్గొట్టుకున్నావట, రెండు నెలలుగా మంచం మీదే ఉన్నావట. నాకు ఒక్క ముక్క రాయలేదు. రాసి ఉంటే అప్పుడే చచ్చిపోయేదాన్ని, ఎందుకంటే నీ కాలు విరగడానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

ఇంక దాచను. మార్చి పదిహేనున బుజ్జికి పన్ను వచ్చింది. కింద కాదు, పైన. ఎదురింటి సుబ్బరత్నమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. "మేయ్, పైపన్ను ముందొచ్చిందే! మేనమామకు గండం గదా. కింది పన్ను వచ్చేదాకా వీణ్ణి మీ అన్న కంట పడనీయబాక" అనింది. నేను మా అత్త ముఖం చూశాను. "మనం బాప్తిస్మం పొందినోళ్ళం, ఇట్టాటివి నమ్మగూడదు" అనింది అత్త. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, "నమ్మొద్దులే గానీ, ఊరికే చూపించకుండా ఉంటే పోయేదేముండాది" అని కూడా అనింది.

అప్పటినుంచి రోజూ పొద్దున లేవగానే వాడి కింది చిగురు తడిమి చూస్తున్నాను. ఏమీ తగలదు. పైన రెండో పన్ను కూడా వచ్చింది, రెండూ కుక్కపిల్ల పళ్ళలా మొనదేలి ఉన్నాయి. కింద మాత్రం నున్నగా ఉంది. అది వస్తే నీ దగ్గరికి తీసుకొస్తాను, నువ్వు చూసిన డాక్టరుకే చూపిస్తాను అనుకుంటూ రోజులు నెట్టాను. నిన్న మధ్యాహ్నం వాడికి జ్వరం నూట అయిదు దాటింది. కళ్ళు తేలేసి, చేతులు బిగుసుకుపోయాయి. మీ బావ వాణ్ణి ఎత్తుకుని పరిగెత్తి ఎవరిదో తొట్టిలో ముంచారు. అలా బతికాడు.

నాకు ఉన్నది ఒక్క అన్న, ఒక్క కొడుకు. ఒకర్ని కాపాడాలంటే ఇంకొకర్ని దాచిపెట్టాలంటే నేనేం చేయాలి? నువ్వు ఏ రోజు పడ్డావో రాయి. నిజం రాయి.

సుకుమారి


ఆత్మకూరు
15 మే 1997

ఓ పిచ్చిమొద్దూ,

నేను పడింది మార్చి ఎనిమిదిన. జలదంకి దగ్గర ఒక రైతు బావిలో మోటారు పైకి తీస్తుంటే మెట్టు జారింది. నీ లెక్క ప్రకారమే వాడి పన్ను వచ్చింది పదిహేనున. అంటే నా కాలు విరిగిన తర్వాత వారానికి పన్ను వచ్చింది. మరి నా కాలు విరగబట్టే వాడికి పైపన్ను వచ్చిందందామా? వెళ్ళి సుబ్బరత్నమ్మను అడుగు, మేనమామ కాలు విరిగితే మేనల్లుడికి ఏ గండమో!

నీకు ఎందుకు రాయలేదంటే, రాస్తే మండే ఎండలో పసివాణ్ణి చంకనేసుకుని బస్సెక్కి వస్తావని. రావద్దని నువ్వు రాసినప్పుడు కోపం వచ్చింది, నిజమే. మంచం మీద పడుకుని గోడతో పోట్లాడాను. ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటున్నాం అనుకుని మధ్యలో ఆ పసివాణ్ణి ఎండకు వదిలేశాం సుకుమారీ. నాకు ఏడుపొస్తోంది.

నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. వాడికి జ్వరం వచ్చేది ఎండలో, తగ్గేది చల్లబడితే. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయిన మోటారు కూడా ఇలాగే కాలుతుంది. మీ వదిన ఒక మాట అడగమంది. పోయిన దసరా సెలవుల్లో రోజంతా వాణ్ణి ఎత్తుకుని తిరిగిందట. తన జాకెట్టు తడిసిపోయింది గాని వాడి వీపు పొడిగానే ఉందట. వాడికి అసలు చెమట పడుతుందా?

నాకు పిండికట్టు ఇంకా విప్పలేదు, లేకుంటే నేనే వచ్చేవాణ్ణి. తెల్లవారుజాము బస్సుకే నెల్లూరు పోండి, పేరున్న పిల్లల డాక్టరుకు చూపించండి. దారి పొడుగునా తడిగుడ్డ కప్పండి. కింది పన్ను కోసం ఇంకొక్క రోజు కూడా కాచుకోవద్దు.

నీ ఒంటికాలి అన్న


ఉదయగిరి
9 జూన్ 1997

అన్నకు,

వదినకు నా తరఫున దండం పెట్టు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే. "బాబుకు చెమట పడుతుందా?" అని. పదహారు నెలలు పెంచాను, నాకు తెలియదు.

మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు. పాలపళ్ళు బిడ్డ పుట్టాక తయారు కావట అన్నా. కడుపులో పడిన రెండో నెలలోనే చిగుళ్ళలో వాటి మొలకలు మొదలవుతాయట. నెల తప్పిన సంగతి నేను మీ బావకు చెప్పీ చెప్పకముందే! పన్ను, వెంట్రుక, చెమట గ్రంథి మూడూ ఒక్క నారుమడిలోవే, చర్మం పైపొర నుంచే మొలుస్తాయి అన్నారు. ఆ మొలకలు వేయించే జన్యువు ఒకటి వాడిలో సరిగా లేదు. అందుకే పళ్ళు లేవు, జుట్టు లేదు, చెమట లేదు. ఆ జన్యువును పోయిన ఏడాదే విదేశాల్లో పట్టుకున్నారట. మందు మాత్రం ఇంకా లేదు.

ఎక్స్‌రే తీశారు. పైన నాలుగు పళ్ళ మొలకలు ఉన్నాయి, కింద ఒక్కటీ లేదు. "కింది పన్ను ఎప్పటికీ రాదమ్మా" అన్నారు. నేను ఉండబట్టలేక "అయితే మా అన్న నా బిడ్డను ఎప్పటికీ చూడగూడదా?" అని అడిగేశాను. ఆమె వింతగా చూసింది. మీ బావ అంత బాధలోనూ నవ్వేశారు.

తర్వాత నా నోరు తెరవమని నా పక్కపన్ను చూశారు. ఆ జన్యువుకు ఆడవాళ్ళలో రెండు ప్రతులు ఉంటాయట. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది, నాకూ అమ్మకూ ఒక మొనపన్నుతో పోయింది. మగపిల్లవాడికి తల్లి ఇచ్చే ప్రతి ఒక్కటే. నేను వాడికి చెడ్డదే ఇచ్చాను. ఇంకో కొడుకు పుట్టినా సగానికి సగం అంతేనట. ఈ మాట మీ బావ ఇంట్లో చెప్పారు. మా అత్త నా వైపు చూసి "పుట్టింటి నుంచి ఇదా నువ్వు తెచ్చింది" అనింది. అంతే, అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు.

నాలుగేళ్ళు వచ్చాక చిన్న పళ్ళసెట్టు కట్టొచ్చట. కానీ ముందు బతకాలి కదా. ప్రతి వేసవీ దాటించుకోవాలి అన్నారు. ఒళ్ళు తడిగా ఉంచడమే మందట. ఈ ఉదయగిరి ఎండల్లో, రెండు రోజులకొకసారి వచ్చే కుళాయితో ఎన్ని వేసవులు దాటిస్తాను?

మీ అమ్మవైపు మగవాళ్ళలో పళ్ళు లేనివాళ్ళు, ఎండకు ఆగనివాళ్ళు ఉన్నారా అని డాక్టరమ్మ మరీ మరీ అడిగింది. మనకు తెలిసింది కలువాయిలో ఉండే అమ్మ తోడబుట్టిన మాలకొండయ్య మామ ఒక్కడే. అమ్మ పోయినప్పుడు కూడా దూరంగా నిలబడి చూసి పోయాడు. ఆయనది ముసలి బోసినోరే కదా?

సుకుమారి


ఆత్మకూరు
17 ఆగస్టు 1997

చెల్లెలికి,

పిండికట్టు విప్పారు. కర్ర పట్టుకుని మొదట వెళ్ళింది కలువాయికే.

మాలకొండయ్య మామ ఒక నిమ్మతోటకు నీళ్ళు పెడుతూ అక్కడే గుడిసెలో ఉంటున్నాడు. నేను వెళ్ళేసరికి కాలవలో కూర్చుని ఉన్నాడు, నెత్తిన తడి తువ్వాలు. ఆ ఊళ్ళో అందరూ నీళ్ళ మాలకొండయ్య అంటారు, పిచ్చి అనుకుంటారు. నేను డొంకతిరుగుడు లేకుండా అడిగాను, మామా, నీ పళ్ళు ఎప్పుడు రాలిపోయాయి అని. "రాలేదానికి అసలు వస్తే గదరా అబ్బాయా!" అని నోరు తెరిచాడు. పైన రెండే, అరిగిపోయి, మొనలు ఇంకా తెలుస్తున్నాయి.

బుజ్జి సంగతి చెప్పాను. తువ్వాలు కాలవలో ముంచి మళ్ళీ నెత్తిన వేసుకున్నాడు. తర్వాత చెప్పాడు, తనకంటే ముందు పుట్టిన మగపిల్లలు ఇద్దరు ఎండాకాలంలోనే పోయారట. "మూడోవాణ్ణి నేను. మా అమ్మ నన్ను ఎండాకాలమంతా నీళ్ళ కుండల కింద తడి ఇసకలో పండబెట్టింది. ఎవురూ చెప్పలేదు ఆమెకు. అక్కడైతే ఏడవకుండా ఉండానని పండబెట్టింది, అంతే. అట్టా బతికినా." ఆయనకు అరవై రెండేళ్ళు సుకుమారీ! పళ్ళు లేకుండా, చెమట లేకుండా అరవై రెండు వేసవులు దాటాడు. నీ ప్రశ్నకు ఇదే జవాబు, కర్ర ఊతంతో పోయి మరీ తెచ్చాను.

పిల్లనెవరూ ఇవ్వలేదట ఆయనకు. బోసినోటివాడని నవ్వుతారని పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడట. అమ్మ చావుకు దూరంగా నిలబడింది కూడా అందుకేనట. మనం ఆయనకు మనమంటే గిట్టదనుకున్నాం.

మీ అత్త అన్న మాట మనసులో పెట్టుకోకు. అమ్మ దగ్గర రెండు ప్రతులుంటే నాకు మంచిది వచ్చింది, నీకు ఇంకొకటి. నేను కష్టపడి సంపాదించుకున్నదీ లేదు, నువ్వు చేసిన తప్పూ లేదు. నా పిల్లలు చెమటలు కక్కుతూ ఆడుతుంటే ఈ మధ్య చూడలేకపోతున్నాను, లోపలికి వచ్చేస్తున్నాను. అది కూడా నీకు చెప్పాలనిపించింది.

వేసవి మొదలయ్యేసరికి తాను ఉదయగిరి వస్తానని మామే అన్నాడు. నేను అడగలేదు.

అన్న,
శాంతికుమార్


ఉదయగిరి
6 ఏప్రిల్ 1998

అన్నకు వందనాలు.

క్రిస్మసుకు నువ్వు వచ్చి వెళ్ళినప్పటినుంచి బుజ్జి మామ మామ అని ఒకటే కలవరింత. నీ కాలికి ఏమీ కాలేదు కదా? సుబ్బరత్నమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

మాలకొండయ్య మామ మొన్న దిగాడు. ఒక సంచీ, రెండు తువ్వాళ్ళు, ఒక బస్తా నిమ్మకాయలు. దిగీదిగగానే పంచలో ఇసక పోయించి, దాని మీద కుండలు పెట్టించి, కింద చోటు చేశాడు. బుజ్జి ఆయన నోట్లోకి తొంగి చూశాడు. తర్వాత తన నోరు తెరిచి ఆయనకు చూపించాడు. ఆ ముసలాయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని "ఈ లోకంలో నా మాదిరి నేనొక్కణ్ణే అనుకున్నా" అన్నాడు. ఇద్దరూ రోజంతా ఆ ఇసకలోనే ఉంటారు. బిడ్డ ఆట ఆపి నేలకు చెంప ఆనించాడంటే వేడి ఎక్కుతున్నట్లేనని, ఒళ్ళు కాలేదాకా ఆగకుండా అప్పుడే తడపాలని నాకు నేర్పించాడు.

మా అత్త మాత్రం ఇంకా ముభావంగానే ఉంది. ఆయనకు అన్నం పెడుతుంది గాని మాట్లాడదు. కుళాయి ఇప్పుడు మూడు రోజులకు ఒకసారి.

సుకుమారి


ఆత్మకూరు
24 మే 1998

సుకుమారీ,

పేపరు తీస్తే వడదెబ్బ చావులే. ఇక్కడ పిట్టలు రాలి పడుతున్నాయి. నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. పోస్టుమాన్ పెంచలయ్య మా వీధి మలుపులో కనిపించగానే షాపు వదిలేసి ఎదురు పోతున్నాను. రెండే మాటలు చాలు, కార్డు రాయి. బుజ్జి ఎలా ఉన్నాడు?

అన్న


ఉదయగిరి
8 జూన్ 1998

అన్నా,

బుజ్జి బాగున్నాడు. ఈ మాట ముందు రాసి అప్పుడు కలం కిందపెట్టి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే. నిన్న సాయంత్రం వాన పడింది. వేసవి దాటింది.

నెలంతా ఉత్తరం రాసే తీరిక లేదు, నన్ను క్షమించు. మే ఇరవైన కుళాయి రాలేదు, కరెంటు పోయింది, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. బుజ్జి నేలకు చెంప ఆనించాడు. మీ బావ టీచర్ల ట్రైనింగు క్యాంపుకు పోయి ఉన్నారు. నేను వాణ్ణి వదిలి పోలేను, మామ రెండు అడుగులు వేసి తూలి పడ్డాడు. ఆ ఎండ ఆయనకు కూడా శత్రువే కదా. పడినచోటి నుంచే మా అత్తతో అన్నాడు: "అమ్మా, మా అమ్మకు ఇద్దరు పోయినారు, ఎందుకు పోతుండారో ఆమెకు తెలియదు. నీకు తెలుసు. తెలిసి కూడా పోగొట్టుకుంటావా?"

అత్త బిందె తీసుకుని చెప్పులు కూడా లేకుండా ఆ ఎండలో పోయింది. సుబ్బరత్నమ్మ బావిలో చేదుకుని మోసుకొచ్చింది, మళ్ళీ పోయింది. నడుము నొప్పి మనిషి, ఎన్ని బిందెలు మోసిందో నేను లెక్క పెట్టలేదు. బుజ్జినీ మామనూ ఒక్కచోట కూర్చోబెట్టి ఇద్దరి మీదా తానే పోసింది. వాడు మళ్ళీ ఆటకు లేచాక నా పక్కన కూలబడి, నా చెయ్యి పట్టుకుని, "నేను అన్నమాట పట్టించుకోబాకమ్మే" అనింది. ఏడాదికి నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఇప్పుడు నిన్నటి సంగతి. ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పమని పాస్టరుగారు అడిగారు. అత్త లేచింది. ఎప్పుడూ చెప్పే స్తోత్రమే అనుకున్నాను. బుజ్జిని చంకనెత్తుకుని ముందుకు పోయి నిలబడింది.

"సంఘానికి వందనాలు. వీడు నా మనవడు. వీడికి చెమట పట్టదు. పుట్టుకతోనే అంతే. ఇది శాపం గాదు, దిష్టి గాదు, ఎవురి పాపమూ గాదు. ఈ ఎండాకాలం దేవుడు దాటించినాడు. వచ్చే ఎండాకాలం దేవుడితో బాటు మీరు గూడా దాటించాల. నాకు వయసు మీదపడతా ఉండాది, వీడు రేపు వీధుల్లో తిరగతాడు, బడికి పోతాడు. మీ వాకిటికి వస్తే కూర్చోమనొద్దు, బిస్కెట్ పెట్టొద్దు. ముందు ఒక చెంబు నీళ్ళు నెత్తిన పోయండి. నీళ్ళ కరువు నాకూ తెలుసు. అందుకే ఇంతమందిలో నిలబడి అడగతా ఉండా."

మామ వెనక వరుసలో తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, బట్టతల దాచుకోకుండా కూర్చున్నాడు.

ఇంటికి నడిచి వస్తున్నాం. అప్పటికి ఇంకా వాన రాలేదు, ఎండ చంపేస్తోంది. మొదటి ఇంటి ముందు ఒకామె ఆగమని లోపలికి పోయి చెంబుతో వచ్చి బుజ్జి నెత్తిన పోసింది. రెండో ఇంటి దగ్గర ఇంకొకరు. వీధి మలుపు తిరిగేసరికి, చర్చికి రానివాళ్ళు కూడా ఏందని అడిగి తెలుసుకుని చెంబులు పట్టుకుని నిలబడ్డారు. మూడు రోజులకొకసారి కుళాయి వచ్చే వీధి అన్నా ఇది. వాడికి అది ఆట అయిపోయింది, ప్రతి గుమ్మం ముందూ తానే పోయి తల వంచి నిలబడుతున్నాడు. సుబ్బరత్నమ్మ చెంబుతో సరిపెట్టలేదు, బిందె ఎత్తి పోసింది.

ఇల్లు చేరేసరికి వాడు నిలువునా తడిసి, రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాడు.

నీ చెల్లెలు,
సుకుమారి